దగ్గని మనిషి

తెర చూడకండి అత్తయ్యగారూ, దాని ముఖం చూడండి, అని చెప్పి వెళ్ళాడు రాధాకృష్ణమూర్తి, విశ్రాంతి సమయంలో, సోడాలమ్మేవాళ్ళ కేకల మధ్య, ఆడవాళ్ళ కుర్చీలనూ మగవాళ్ళ కుర్చీలనూ విడదీసే నడుమెత్తు గోడ మీద రెండు చేతులూ ఆనించి, తరగతిలో సూత్రం వివరించే గొంతుతో. అతను పొదిలి జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. నా చెల్లెలి కూతురు దుర్గాంబను పెళ్ళాడి ఆరేళ్ళయింది. దుర్గాంబ మంచినీళ్ళకని బయటికి వెళ్ళింది కనుక దాపరికం లేకుండా అన్నాడు. మిరపకాయల సీను ఇంకో అరగంటలో వస్తుందండీ, అప్పుడు దాని ముఖం ఎలా మారుతుందో మీరే చూడండి, చదువుకున్నవారు, ముప్పయ్యేళ్ళు ఆడపిల్లల బడిలో చదువు చెప్పినవారు, మీ కంటికి అది బాగానే ఉందనిపిస్తే రేపు పొద్దున్నే కనిగిరి వెళ్ళి బాబును తీసుకొస్తాను, లేదంటే వాడు అక్కడే మా అక్క దగ్గర పెరుగుతాడు, మీరు దీన్ని గుంటూరు తీసుకుపోయి డాక్టరుకు చూపించండి, తరవాతి సంగతి తరవాత. అతని కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. అతను దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడే అయితే ఈ అరగంట నాకు ఇంత బరువయ్యేది కాదు.

దీపాలు ఆరాయి. దుర్గాంబ తడిచేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. రేకుల కప్పు మధ్యాహ్నమంతా తాగిన ఎండను ఇప్పుడు మా నెత్తిన కక్కుతోంది. పంకాలు ఆ వేడినే అటూ ఇటూ తోస్తున్నాయి. వెనక వరసలో ఎవరో పసిపిల్లకు పాలిస్తూ జోకొడుతున్నారు. ఈ చిత్రం పేరు నేను ఎక్కడా రాయను, నోటితో పలకను. దానికి ప్రచారం చేసే పాపం నాకు వద్దు. మనస్తత్వ చిత్రమని ఊరి గోడలన్నిటి మీదా అంటించారు. మనస్తత్వమంటే వీరి దృష్టిలో అద్దం పగలడం, పిల్లి మేడమెట్లు దిగడం, వయొలిన్ మీద కమానును రంపంలా లాగడం, కథానాయిక ముఖానికి గడ్డం కింద నుంచి ఆకుపచ్చ దీపం పెట్టడం. ఒక పెద్ద ఇంటి కోడలు. ఆమె బిడ్డ నీళ్ళతొట్టిలో పడి చనిపోయాడు. ఎవరు తోశారన్న ప్రశ్నను వంటమనిషి మీదికి, మరిది మీదికి, గుడ్డి తోటమాలి మీదికి తిప్పి తిప్పి, చివరికి తల్లే తోసిందనీ, ఆమెకే తెలియకుండా ఆమెలో దాగిన మరొక స్త్రీ తోసిందనీ తేలుస్తారు. తల్లి బిడ్డను చంపిందని కథ రాయకూడదని నేను అనను. అటువంటి తల్లులు ఉన్నారు, వారిని గురించి రాసిన మంచి పుస్తకాలు నేను చదివాను, పిల్లలకు పాఠం చెప్పాను. నా అభ్యంతరం కథ మీద కాదు. రుజువు మీద.

రుజువేమిటంటే, తలుపులన్నీ మూసిన గదిలో నిప్పుల మీద ఎండుమిరపకాయలు పోస్తారు. ఇంటిల్లిపాదీ దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ బయటికి పరుగెడతారు. కథానాయిక ఒక్కతే కదలకుండా కూర్చుంటుంది. మనిషైతే దగ్గాలి కనుక, ఆ దగ్గనిది ఆమె కాదు, ఆమెలోని రెండోది. పది రోజుల కిందట రాధాకృష్ణమూర్తీ అతని తల్లి వెంకాయమ్మగారూ ఇదే హాలులో ఈ చిత్రం చూశారు. మర్నాడు మధ్యాహ్నం వెంకాయమ్మగారు వంటింటి తలుపూ కిటికీ మూయించి, కుంపటిలో గుప్పెడు మిరపకాయలు పోసి, దుర్గాంబను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టారు. ముందు ఆవిడ బయటపడ్డారు, వెనక రాధాకృష్ణమూర్తి బయటపడ్డాడు, వేడుక చూడవచ్చిన పక్కింటి వెంకటేశ్వరమ్మ చెంగు నోట్లో కుక్కుకుని వాకిట్లో కూలబడింది. దుర్గాంబ పీట మీద నుంచి లేవలేదు. దగ్గలేదు. ఆ సాయంత్రమే నాలుగేళ్ళ జానకిరాంను కనిగిరి పంపేశారు. నాకు రాసిన ఉత్తరంలో ఒక పరీక్షలో తేలిందని మాత్రమే ఉంది. అది ఏ పరీక్షో ఇందాక గోడ మీద చేతులానించినప్పుడు చెప్పాడు, చెబుతూ నా ముఖంలోకి చూశాడు, నేను విస్తుపోయాననుకున్నాడు. నేను విస్తుపోలేదు. దుర్గాంబ ఎందుకు దగ్గలేదో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఈ భూమి మీద ఆ కారణం తెలిసినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే ఉన్నాం, ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఉన్నాం.

తెర మీద డాక్టరు వచ్చాడు. నోట్లో పైపు ఉంది కనుక డాక్టరు. గోడకు తగిలించిన మెదడు బొమ్మ మీద బెత్తం ఆడిస్తూ, మనిషిలో మనిషి, మనిషిలో మనిషి అంటున్నాడు, నేల తరగతిలో ఎవడో, మీ ఆవిడలో ఎంతమందున్నార్రా అన్నాడు, నవ్వులు. దుర్గాంబ కూడా నవ్వింది, శబ్దం లేకుండా, ఒక్క క్షణం, ఆ నవ్వును నేను చూశాను, వెంటనే గోడ అవతలికి చూశాను, అతను చూశాడేమోనని. ఈమధ్య తనలో తాను నవ్వుకుంటోందని అతని ఫిర్యాదుల్లో ఒకటి. తెల్లవారుజామున పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర అటు తిరిగి నిలబడుతోందనేది మరొకటి, పెద్దది. చిత్రంలో తొట్టి, ఇంట్లో తొట్టి. ఇవాళ పొద్దున బస్సు దిగి ఇంటికి చేరగానే దుర్గాంబను పెరట్లోకి తీసుకువెళ్ళి అడిగాను, ఇక్కడేం చేస్తున్నావే అని. పాలు పిండుకుంటున్నాను పెద్దమ్మా అంది. దాని నలభై రోజుల ఆడపిల్ల ఫాల్గుణంలో జ్వరం వచ్చి పోయింది. పిల్ల పోయిన సంగతి పాలకు తెలియదు. గదిలో పిండితే వాసనకు అత్తయ్య ఏడుస్తారు, అందుకని ఇక్కడికి వస్తాను, అంది, బియ్యం ఎక్కడ కడుగుతావని అడిగితే చెప్పినంత మామూలుగా. ఇది పిచ్చి అయితే, తెలివి అన్నదాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ అత్తగారు కూడా మనవరాలి కోసం ఏడ్చే మనిషే. భయపడింది. భయానికి ఈ చిత్రం ఒక పద్ధతి నేర్పింది.

దిష్టి తీయడం నాకు తెలియనిది కాదు. మా జిల్లాలో తెలియని ఇల్లు లేదు. పిల్లవాడు అన్నం తినకపోతే ఉప్పూ మిరపకాయలూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేస్తారు. ఘాటు రాకపోతే, చూశావా ఎంత దిష్టి తగిలిందో, పోయిందిలే, అని పిల్లవాడికి ముద్ద కలిపి పెడతారు. అది మూఢత్వమే. కానీ ఆ మూఢత్వం చూసేది మిరపకాయలను, మనిషిని కాదు. తలుపు తెరిచే ఉంటుంది. ఎవరి గొంతులోకీ ఎవరూ తొంగి చూడరు. ఎవరికీ శిక్ష లేదు. చివర అన్నం ఉంది. తలుపు మూసింది ఈ చిత్రం. మిరపకాయలను వదిలి మనిషిని పరీక్షించడం ఈ చిత్రం కనిపెట్టింది, మన పూర్వీకుల ఆచారమని డాక్టరు చేతనే చెప్పించింది, చెప్పించి ఊరూరా చూపించింది, ఈ ప్రాంతంలో మిరపకాయలూ కుంపటీ లేని వంటిల్లు లేదు కనుక చూసిన ప్రతి ఇల్లూ ఆ రాత్రికే పరీక్షాగారం కావచ్చు. ఇంతా రాసిన పెద్దమనిషి జీవితంలో ఒక్కసారైనా మిరపకాయల దగ్గర బతికే మనుషులను చూశాడా? చూస్తే తెలిసేది, దగ్గనివాళ్ళు ఉంటారని.

దుర్గాంబకు ఆరేళ్ళప్పుడు దాని తండ్రి పోయాడు. పురోహితుడు, నాలుగు ఊళ్ళ పెళ్ళిళ్ళూ తద్దినాలూ తప్ప ఆస్తి లేదు. నా చెల్లెలు కామాక్షినీ పిల్లనూ గుంటూరులో నా ఇంటికి తెచ్చుకున్నాను. అక్క అన్నం ఊరికే తినడం కామాక్షికి చేతకాలేదు. మా వీధి చివర మిరపకాయల వ్యాపారి ఒకాయన బస్తాలు ఇళ్ళకు పంపి తొడిమలు తీయించేవాడు, తెల్లబారిన తాలుకాయలు ఏరించేవాడు. అది పేటలోని కూలిజనం చేసే పని. ఆ పని తెచ్చుకుంటానని కామాక్షి నన్ను అడిగిన రోజు నాకు ప్రధానోపాధ్యాయినిగా పదవి వచ్చి నెల కూడా కాలేదు. నేను వద్దనలేదు. ఇప్పుడు అనుకుంటే, వద్దని ఉంటే అది కనీసం నిజాయితీగా ఉండేది. నా వాక్యాలు నాకు గుర్తుంటాయి. ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: చేసుకోదలిస్తే వెనక గదిలో తలుపు వేసుకుని చేసుకో, వీధిలోకి దగ్గు మాత్రం వినిపించకూడదు.

హుస్సేన్ సాహెబ్ అని ఒంటెద్దు బండి తోలే పెద్దమనిషి తెల్లవారకముందే బస్తాలు తెచ్చేవాడు. మా పరువు కాపాడాలని అతనికి ఎంత తాపత్రయమంటే, వీధి మొదట్లోనే కేక వేసేవాడు, అమ్మగారూ, బియ్యం వచ్చాయండీ! కామాక్షి వెనక తలుపు తీస్తూ, మెల్లగా సాహెబు గారూ, ముగ్గురు ఆడవాళ్ళం వారానికి రెండు బస్తాల బియ్యం తింటున్నామని ఊరంతా మమ్మల్ని రాకాసులనుకుంటోంది, అనేది. అతను గడ్డం గోక్కుని, అయితే ఈసారి కందులననా అమ్మా, అనేవాడు. ఇద్దరూ నవ్వేవారు. నేను లోపల పక్క మీద పడుకుని ఆ నవ్వులు వింటూ, ఇంత గట్టిగా ఎందుకని చిరాకు పడేదాన్ని.

ఆ వెనక గదికి కిటికీ కూడా లేదు. మిరపకాయల గుట్ట ముందు తల్లీ కూతురూ కూర్చుంటే ఎర్రటి దుమ్ము లేచి గోడలకు పట్టేది. అటువంటి గదిలో ఎవరికైనా దగ్గు వస్తుంది, తుమ్ములు వస్తాయి, రాకుండా ఉండడానికి మనిషి మిరపకాయ కాదు. కామాక్షి దగ్గును మింగడం నేర్చుకుంది, నేర్చుకుని కూతురికి నేర్పింది. ముక్కుతో పీల్చకూడదు. పెదవులు సన్నగా తెరిచి, పిట్ట నీళ్ళు తాగినట్టు కొంచెం కొంచెం గాలి తీసుకోవాలి. నాలుక అంగిటికి ఆనించి ఉంచాలి. గొంతులో గర అనగానే ఉమ్మి మింగాలి, రెండుసార్లు, మూడుసార్లు, అది దిగేదాకా. బడి నుంచి రాగానే ఏడేళ్ళ పిల్ల ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ముందు హాలులో నేను పెద్దతరగతి పిల్లలను కూర్చోబెట్టుకుని కరుణరసం మీద పాఠం చెబుతూ ఉండేదాన్ని. వెనక నుంచి ఏమీ వినిపించేది కాదు. ఒక్క శబ్దం కూడా. పదేళ్ళు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత తృప్తి ఇచ్చిందో ఇప్పుడు చెప్పుకోవడానికి మాటలు వెతకను. తృప్తి ఇచ్చింది, అంతే.

మూసిన గది, మిరపకాయల ఘాటు, తలుపవతల మనుషులు. ఈ మూడూ కలిస్తే దుర్గాంబ గొంతు ఏం చేయాలో నా ఇంట్లో పదేళ్ళు తర్ఫీదు ఇచ్చాం. వెంకాయమ్మగారి వంటింట్లో అది చేసింది. అంతకన్నా ఏమీ జరగలేదు. ఈ ఒక్క మాట చెబితే పిల్లవాడు రేపు ఇంటికి వస్తాడు. ఆ మాట చెప్పడానికి నేను అడ్డు. పెళ్ళిచూపులనాడు వెంకాయమ్మగారు దుర్గాంబ చేతులు పట్టుకుని, ఇదేమిటి పిల్ల అరచేతులు ఇలా తోలు ఊడి ఉన్నాయి అని అడిగితే, గోరింటాకు పడదండీ, ఎప్పుడు పెట్టుకున్నా ఇంతే, అన్నాను. తడుముకోలేదు. అంత శుభ్రమైన అబద్ధం నా నోట ఎలా వచ్చిందని రాత్రి నన్ను నేను మెచ్చుకున్నాను. వాళ్ళది మడీ ఆచారం గల ఇల్లు, మాది విద్యావంతుల ఇల్లు, సంబంధం సమానమని చెప్పుకున్నాం. పంపేముందు దుర్గాంబ చేత చేతిలో చేయి వేయించుకున్నాను: మిరపకాయల ఊసు ఈ జన్మలో ఆ ఇంట్లో ఎత్తకు, ఎత్తితే మీ అమ్మ పోయినంత ఒట్టు. కామాక్షి రెండేళ్ళ కిందట ఎటూ పోయింది, గుక్క తిప్పుకోలేక, నలభైతొమ్మిదేళ్ళకు. ఉబ్బసం అని అందరికీ చెప్పాం. డాక్టరు, ఏం పని చేసేవారమ్మా అని అడిగితే, ఇంటిపనే అన్నాను. తల్లి పోయింది, ఒట్టు మాత్రం పోలేదు. కొడుకును లాక్కుపోతున్నా ఆ పిల్ల నోరు విప్పలేదు. నేను చెప్పిన పాఠాన్ని ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళు మరొకరు లేరు.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కుంపటి వచ్చింది తెర మీద. తలుపులు మూస్తున్నారు, ఒకటి, రెండు, మూడు, ప్రతి తలుపుకూ ఒక డప్పు దెబ్బ. వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో, ఇప్పుడు చూడు, ఇదే, ఇదే, అంది. ఆవిడ రెండోసారి చూస్తోందని తెలిసింది. గోడ అవతల రాధాకృష్ణమూర్తి తెర వైపు చూడడం లేదు; పూర్తిగా మా వైపు తిరిగి కూర్చున్నాడు; తెర మీది ఎరుపు అతని కళ్ళద్దాల మీద పడి కళ్ళు కనబడడం లేదు. మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. పొగ. అందరూ దగ్గుతున్నారు, అందరూ పరుగెడుతున్నారు, దగ్గును ఎవరో ప్రతిధ్వనితో కలిపి పెద్దది చేశారు, నిజంగానే హాలులో ఇద్దరు ముగ్గురు దగ్గారు. కథానాయిక మిగిలింది. ముఖం దగ్గరగా, ఇంకా దగ్గరగా, కళ్ళు ఆర్పకుండా, ముక్కుపుటాలు ఎగరేస్తూ, చిన్నగా నవ్వుతూ. అమ్మో దగ్గదే, చూశావా రాకాసి, అంది వెనకావిడ, పసిపిల్ల ఏడ్చింది, ఈలలు.

నేను దుర్గాంబ ముఖం చూశాను. చూడమన్నారు కనుక చూశాను. ముఖంలో భయం లేదు, కోపం లేదు. గొంతు మాత్రం కదులుతోంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. ఇక్కడ పొగ లేదు, ఘాటు లేదు, తెర మీద వెలుతురు తప్ప మరేమీ లేదు; అయినా పెదవులు సన్నగా తెరిచి కొంచెం కొంచెం గాలి తీసుకుంటోంది, మింగుతోంది. నా చేయి దాని చేతి మీద వేశాను. నా చెవి దగ్గరికి వంగింది. తప్పు చేస్తోంది పెద్దమ్మా ఆవిడ, అంది. ఎవరే? సినిమాలో ఆవిడ. ముక్కుతో పీలుస్తోంది. అలా పీలిస్తే ఆగదు. ఒక్క క్షణం కూడా ఆగదు.

ఈ దేశంలో ఈ చిత్రం చూసిన లక్షలమందిలో దాన్ని విమర్శించే అర్హత ఉన్నది ఒక్కరికే అనిపించింది, ఆ ఒక్కరినీ పిచ్చిదంటున్నారు. తరవాత తెర మీద ఏం జరిగిందో నేను చూడలేదు. ఎవరో గొలుసులు తెచ్చారు, డాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు, తల్లిని గదిలో పెట్టి బయట గడియ వేస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో తల్లులు ఉన్నారు. చెబుతాను, అనుకున్నాను, చెబితే ముందు నా పరువు పోతుంది, హెడ్‌మిస్ట్రెస్ రాజరాజేశ్వరమ్మ అబద్ధమాడి పిల్లను అంటగట్టిందని మార్టూరు నుంచి మార్కాపురం దాకా మా వాళ్ళ ఇళ్ళన్నిటిలో చెప్పుకుంటారు, చెప్పుకోనీ, కామాక్షి ఊపిరితిత్తుల ముందు నా పరువు ఏపాటి.

బయట వెలుతురు ఇంకా ఉంది. సైకిల్ స్టాండు పక్కన, ఆకుపచ్చ ముఖం అంటించిన గోడ కింద రాధాకృష్ణమూర్తి మా కోసం నిలబడి ఉన్నాడు. "చూశారా అత్తయ్యగారూ?" అన్నాడు. దుర్గాంబ నాలుగడుగులు వెనక ఆగింది.

"చూశాను. ఇప్పుడు నువ్వు విను," అని మొదలుపెట్టి, వెనక గది గురించి, బస్తాల గురించి, దగ్గు వినిపించకూడదన్న నా ఆజ్ఞ గురించి, గోరింటాకు గురించి, ఒట్టు గురించి, ఒక్కటీ విడిచిపెట్టకుండా, దేన్నీ మెత్తబరచకుండా చెప్పాను. అతను మధ్యలో కళ్ళద్దాలు తీశాడు. పెట్టుకోలేదు.

"కూలికా?"

"కూలికే. పదేళ్ళు."

"మాకు చెప్పలేదేమండీ."

"చెప్పనివ్వలేదు. నేను."

కోపం వస్తుందనుకున్నాను. లేదా గుండె మీది బరువు దిగి, పరుగున కనిగిరి బస్సెక్కుతాడనుకున్నాను. అతను ఆ రెండూ చేయలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి అమ్మకు తెలియనివ్వకండి అత్తయ్యగారూ. పిచ్చంటే జాలిపడుతుంది, నలుగురికీ చెప్పుకుని ఏడుస్తుంది కూడా. కానీ కూలికి తొడిమలు తీసిందంటే దాన్ని వంటింటి గడప తొక్కనివ్వదు. తమ్ముడికి సంబంధాలు వస్తున్నాయి. మూడు నెలలు మీ దగ్గర ఉంచండి. మందుతో నయమైందని నేనే చెబుతాను. అప్పుడు బాబును తెస్తాను."

అంటే పిచ్చి వారి గుమ్మంలో ఇముడుతుంది. పని ఇమడదు. నేను నోరు తెరిచాను, ఇప్పుడే మీ ఇంటికి వచ్చి మీ అమ్మగారి ఎదుటే ఇదంతా చెబుతానని అనబోయాను.

"నువ్వు ఆగు పెద్దమ్మా," అంది దుర్గాంబ వెనక నుంచి. "నీ మాట ఒకసారి విన్నాను." ముందుకు వచ్చింది. "బాబు ఎప్పుడొస్తాడండీ?"

"చెప్పాగా దుర్గా, మూడు నెలలు—"

"రేపు."

"కాస్త ఆలోచించు. అమ్మ ఏమంటుందో..."

"రేపు పొద్దుగూకేలోపు వాడు ఇంట్లో లేకపోతే ఎల్లుండి ఒక బస్తా మిరపకాయలు దింపించుకుంటాను. మన అరుగు మీదే కూర్చుంటాను. వెంకటేశ్వరమ్మగారిని కూడా రమ్మంటాను, ఆవిడకు చూడ్డం సరదా. తొడిమలు ఎలా తీస్తారో బజారంతా చూస్తుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నానో, ఎన్నేళ్ళు చేశానో అడిగినవాళ్ళకల్లా చెబుతాను. తీసినంతసేపూ గట్టిగా దగ్గుతాను."

అతను నవ్వబోయాడు. "నీకు నిజంగానే మతి..." అని ఆగిపోయాడు.

"అనండి. మీ అమ్మగారి దగ్గర కూడా అలాగే అనండి. మందు తెస్తే మింగుతాను. మింగి, ఆవిడ చూస్తుండగా బాగవుతాను. పిచ్చిదాన్నని ఆవిడ అనుకుంటే అనుకోనివ్వండి, నాకు పోయేదేం లేదు. నా పిల్లవాడు నా పక్కలో పడుకోవాలి."

దాని గొంతు పెరగలేదు. వణకలేదు. రాధాకృష్ణమూర్తి కళ్ళద్దాలు పెట్టుకుని భార్యను చూశాడు. ఆ చూపులో భయం ఉంది. కానీ పది రోజులుగా ఉన్న భయం కాదు, వేరే రకం. మొదటి బస్సు ఐదున్నరకి, అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో. తరవాత జేబులు తడుముకుంటూ బస్టాండు వైపు, వేళ రూఢి చేసుకోవడానికి కాబోలు, నడిచి వెళ్ళాడు. దుర్గాంబ అతను మలుపు తిరిగేదాకా చూసి, సైకిళ్ళ పక్కనున్న రాయి మీద కూలబడింది. దాని రవిక రెండు వైపులా తడిసి ఉంది. చెంగు తీసి నేనే కప్పాను. నిజం ఆ ఇంటికి తెలియదు. పిచ్చి అన్న ముద్ర దాని మీద ఉండిపోతుంది. రేపు పిల్లవాడు జ్వరపడితే, ఎల్లుండి తోటికోడలు వచ్చాక ఒక గిన్నె పగిలితే, ఆ ముద్ర మళ్ళీ పైకి వస్తుంది. దాన్ని చెరపగలిగిన మాట నా దగ్గర ఉంది, ఆ మాట అనే హక్కును దుర్గాంబ నా దగ్గర నుంచి తీసేసుకుంది. న్యాయంగానే తీసుకుంది.

మొదటి ఆటకు జనం అప్పుడే వరస కడుతున్నారు. చంకలో ఏడాది పిల్లతో ఒక చిన్నది, ఇరవై ఏళ్ళుంటాయో లేవో, వరస తప్పి నా దగ్గరికి వచ్చింది. "మీరు చూశారా అమ్మగారూ? బాగుందంటగా?" అంది ఆత్రంగా. ఈ చిత్రం మీద నాకు పదకొండు అభ్యంతరాలు ఉన్నాయి. వరసక్రమంలో, కారణాలతో సహా చెప్పగలను. మూడు గంటలుగా వాటిని మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"పిల్లను తీసుకుని ఇంటికి వెళ్ళిపో అమ్మా," అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, రాయి మీద కూర్చున్న దుర్గాంబను చూసింది. పిల్లను మాకు దూరంగా అవతలి చంకకు మార్చుకుని, టికెట్ల కిటికీ వైపు గబగబా నడిచింది.